మహారాజశ్రీ రిఫ్రెష్ గారికి

మహారాజశ్రీ డెస్క్‌టాప్ రిఫ్రెష్ గారి దివ్య సముఖానికి, తమరి పాతికేళ్ల సేవకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ నా కుడిచేతి వేళ్లు తప్ప అందరం క్షేమం.

తమరితో నాకు పరిచయమైంది 1999 వేసవిలో. గుంటూరు బ్రాడీపేటలో ఓ మేడ మీద కంప్యూటర్ సెంటర్. గుమ్మం బయట చెప్పుల గుట్ట, లోపల ఏసీ, మానిటర్లకి పూల గుడ్డ ముసుగులు. ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరం. విండోస్ 98, 32 ఎంబీ ర్యామ్. సార్ ముసుగు తీసి మడతపెట్టి, మీట నొక్కి, తెర మీదికి బొమ్మలన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. తరవాత మౌస్ కుడి బటన్ నొక్కారు. చీటీలాంటిదొకటి జారింది. అందులో తమరి పేరు. నొక్కారు. ఐకాన్లన్నీ ఒక్కసారి రెప్ప కొట్టాయి. మళ్లీ నొక్కారు. మళ్లీ.

"ఎందుకు సార్?" అన్నాడు నా పక్కవాడు.

"సిస్టమ్‌కి కాస్త ఊపిరాడుద్దిరా."

ఆ తరవాతే పెయింట్‌లో ఇల్లు, వెనక రెండు కొండలు, మధ్యలో సూర్యుడు. కేశవాయ స్వాహా, నారాయణాయ స్వాహా, మాధవాయ స్వాహా అని మూడుసార్లు ఆచమనం కాందే సంధ్య మొదలవనట్టు, మూడు రిఫ్రెష్‌లు పడందే నా చేత ఏ పనీ మొదలు కాలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా.

ప్రోగ్రాములు రాసి పొట్టపోసుకునే రోజులొచ్చాక తమరి జాతకం తిరగేశాను. తమరు చేసేదల్లా డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో ఇంకోసారి చూసుకుని, బొమ్మల్ని తిరిగి గీయడం. అంతే! ర్యామ్‌తో తమరికి చుట్టరికం లేదు, ప్రాసెసర్‌తో ముఖపరిచయం లేదు. మాస్టారు హాజరు పట్టీ చదివితే పిల్లల మార్కులు పెరుగుతాయా? పైగా తిరిగి గీయడమూ పనే కాబట్టి, అలిసిపోయిన సిస్టమ్‌కి తమరు ఇంకో చిన్న చాకిరీ తగిలిస్తారన్నమాట. ఊపిరాడటం సంగతి దేవుడెరుగు.

నిజం చెప్పుకోవాలి, ఆరు నెలలకోసారి తమరి అవసరం పడుతుంది. సేవ్ చేసిన ఫైలు కనబడదు, తమరిని పిలిస్తే ప్రత్యక్షమవుతుంది. కానీ నేను తమరిని పిలిచేది రోజుకి నలభైసార్లు. పని మొదలెట్టే ముందు, అయ్యాక, ఫోన్ మాట్లాడుతూ, ముఖ్యంగా ఏం చెయ్యాలో తోచనప్పుడు. ఈ చివరిదే తమరి అసలు ఉద్యోగమని నా అనుమానం. పాట రాని గాయకుడు గొంతు సవరించుకున్నట్టు, బుర్ర పనిచెయ్యని ఇంజనీరు రిఫ్రెష్ కొడతాడు.

ఇప్పటి లాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. నొక్కితే ఐకాన్లు రెప్ప కొట్టినట్టే ఉండదు. అందుకని పడలేదేమోనని ఇంకో రెండు ఎక్కువ కొడుతున్నాను.

తమరి పలుకుబడి సామాన్యమైనదా? 2021లో విండోస్ 11ని పరీక్షకి వదిలినప్పుడు, కుడి బటన్ చీటీలోంచి తమరిని తీసి 'షో మోర్ ఆప్షన్స్' అనే వెనక గదిలో కూర్చోబెట్టారు. జులై తిరిగేసరికి తమరు మళ్లీ ముందు వరసలో ఉన్నారు. రేషన్ కార్డులో తీసేసిన పేరు అంత తొందరగా ఎక్కించుకున్నవాణ్ని మా వీధిలో నేను చూడలేదు.

తమరి పెద్దన్న, కీబోర్డు మీద పేజీని రిఫ్రెష్ చేసే మీట ఎఫ్5 గారి మీద మాత్రం నాకు కచ్చితంగా ఫిర్యాదు ఉంది. పండక్కి ఊరెళ్లాలని తత్కాల్‌కి కూర్చున్నాను. డబ్బు కట్టే పేజీ గుండ్రంగా తిరుగుతోంది. రిఫ్రెష్ చెయ్యొద్దు, బ్యాక్ నొక్కొద్దు అని తెర మీద రాసే ఉంది. తమరి వంశాన్ని పేరుపెట్టి నిషేధించిన చోటే వేలు ఎందుకు అంత దురద పెడుతుందో! నొక్కాను. ఖాతాలో డబ్బు పోయింది, టికెట్ రాలేదు. డబ్బు వారానికి తిరిగొచ్చింది. పండక్కి మాత్రం బస్సులో, వెనక టైరు మీది సీట్లో వెళ్లాను.

మానేద్దామని ఒట్టు పెట్టుకున్నాను. మా నాన్న స్కూటర్ స్టార్టవకపోతే పక్కకి వంచి, క్షణం ఆపి, నిలబెట్టి కిక్కు కొట్టేవారు. అందులో అర్థముంది, పెట్రోలు కార్బురేటర్ వైపు జారుతుంది. నాదాంట్లో అదీ లేదు. ఇక మావాడు. 2009లో లోరెన్ బ్రిక్టర్ అనే కుర్రాడు ట్వీటీ అనే యాప్‌లో, తెర కిందికి లాగితే రిఫ్రెష్ అయ్యే కిటుకు పెట్టాడు. ఆ పుణ్యాన వీడు రోజంతా ఫోన్‌లో బావి చేద తోడుతూనే ఉంటాడు. అది చాలక అరనిమిషానికోసారి యాప్‌లన్నీ పైకి తోసేసి, వాటినే మళ్లీ మొదట్నుంచి తెరుస్తాడు. బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతుందిరా అంటే, "మరి నువ్వు రోజంతా నొక్కేదేంటి నాన్నా?" అన్నాడు. ఛార్జర్ ఇచ్చి పంపేశాను.

అయినా మానేసేవాణ్నే. కిందటి నెల ఆఫీసు కాల్‌లో స్క్రీన్ షేర్ చేశాను. పదకొండు మందిమి, ఎనిమిది మంది మనవాళ్లే. నెదర్లాండ్స్ నుంచి కొత్త మేనేజర్ మధ్యలో ఆపి అడిగాడు: "క్షమించాలి, ప్రతిసారీ కుడి బటన్ నొక్కి ఏదో చేస్తున్నారు. అదేమిటి?"

ఎనిమిది మైకులూ మ్యూట్. పక్కన చాట్‌లో తెనాలి కుర్రాడి మెసేజ్ పడింది: "అన్నా, చెప్పమాక. పరువు పోద్ది."

"అది... మా వైపు ప్రొసీజర్ అండి" అన్నాను.

"ఓ, సరే" అని ఆయన నోట్ చేసుకున్నాడు.

నిన్న ఆయన దగ్గర్నుంచి కొత్త డిప్లాయ్‌మెంట్ డాక్యుమెంట్, అంటే మా ప్రోగ్రాముని వాడుకలో పెట్టే పద్ధతి రాసిన కాగితం, వచ్చింది. మొత్తం పద్నాలుగు మెట్లు. మొదటిది: డెస్క్‌టాప్‌ను రిఫ్రెష్ చేయాలి, మూడుసార్లు. ఇక దాన్ని తీయించాలంటే నలుగురి అప్రూవల్ కావాలట.

ఇట్లు,
తమ విధేయుడు