గోపాల్‌పూర్ ఒడ్డున ఒక రాయి కావాలి

1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో నేటికీ ఉంది. ఒడిశాలోని బరంపురం నుంచి వెళ్లి దాన్ని చూసే మన పిల్లలకు అది పక్క రాష్ట్రం కథలా అనిపించవచ్చు. కానీ ఆ రోజే, ర్యూజో ఉన్న నౌకాదళంలోని యుద్ధనౌకలే ఒడిశా తీరానికి ఎదురుగా మాల్డా, ఆటోలికస్ వంటి వర్తక నౌకలను ముంచాయి. అంతకు మూడున్నర నెలల ముందు, 1941 డిసెంబర్ 23న, బర్మాలోని రంగూన్ మీద బాంబులు పడ్డాయి. బరంపురం దగ్గరి గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి పొట్టకూటికి అక్కడికి చేరిన గంజాం కూలీలు ఎందరో ఆ తర్వాత అడవులు, కొండలు దాటి కాలినడకన ఇల్లు చేరారు. దారిలోనే పోయినవారూ ఉన్నారు. వారి పేరిట గోపాల్‌పూర్ ఒడ్డున ఒక శిలాఫలకం నిలపాలని కోరుతున్నాం.

నిలిపితే సరిగా నిలపాలి. సముద్రగాలి తెచ్చే ఉప్పునీరు రాతి రంధ్రాల్లోకి దిగుతుంది. నీరు ఆరాక ఉప్పు పలుకులు కట్టి, ఉబ్బి, పైపొరను పెచ్చులుగా ఊడగొడుతుంది. కోణార్క్‌లో ఖొండలైట్ రాయి పడుతున్న బాధ చూస్తున్నదే. అందుకే ఆ రాయి వద్దు. పక్కనే టెక్కలి గ్రానైట్ ఉంది, నాలుగంగుళాల మందం పలక చాలు. ఇనుప కడ్డీలతో బిగిస్తే తుప్పు ఉబ్బి రాయినే చీలుస్తుంది కాబట్టి ఉప్పుగాలిని తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. పలక పైఅంచు వాలుగా ఉంటే వాననీరు నిలవదు. ఏటా వర్షాలు వెళ్లాక మంచినీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. యాసిడ్ తాకనివ్వకూడదు.

అక్షరాలకు రంగు పూసి చేతులు దులుపుకుంటే రెండేళ్లకే చెరిగిపోతాయి. లోతుగా చెక్కించాలి. ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఉండాలి. తెలుగు అక్షరం రెండంగుళాల ఎత్తుకు తగ్గకూడదు. తగ్గితే ‘రాష్ట్రం’లో ష కింది ట, ర రెండు ఒత్తులూ ఉలి కింద కలిసిపోయి, దుమ్ము పట్టి మచ్చలా మిగులుతాయి. వరుసల మధ్య ఒత్తులకు చోటు వదలాలి. చెక్కే ముందు పాఠాన్ని తెలుగు పంతులు ఒకరు, ఒడియా పంతులు ఒకరు కాగితం మీద చదివి సంతకం పెట్టాలి, రాతి మీద తప్పు దిద్దలేం. రికార్డుల్లో దొరకని మృతుల సంఖ్య వేయకూడదు.

స్థలం చూపించాల్సింది గోపాల్‌పూర్ పాలకసంఘం. లైట్‌హౌస్ నుంచి పాత రేవు వైపు వెళ్లే దారిలో, అలలకు అందనంత ఎత్తున చూపిస్తే వచ్చే ఏప్రిల్ 6కు పని పూర్తవుతుంది.