షాంఘై లాబ్‌స్టర్‌కి చప్పట్లు, బండి మీద మంచూరియాకి వెక్కిరింపు

పేరున్న చెఫ్ ఎవరైనా చైనీస్ స్టైల్ రెస్టారెంట్ పెడితే చాలు, అది అసలు చైనా వంటేనా కాదా అని గొడవ మొదలవుతుంది. నన్నడిగితే ఆ ప్రశ్నే దండగ. రకరకాల వంటలు కలిపేయడంలో తప్పేమీ లేదు, ఆ కలిపినదాన్ని ఏం చెప్పి అమ్ముతున్నారన్నదే చూడాలి.

వోల్ఫ్‌గాంగ్ పక్ సంగతే తీసుకోండి. పుట్టింది ఆస్ట్రియాలో, చేయి తిరిగింది ఫ్రెంచ్ వంటలో. 1982లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో స్పాగో అనే రెస్టారెంట్ పెట్టి పేరు తెచ్చుకుని, మరుసటి ఏడాదే పక్కనే ఉన్న శాంటా మోనికాలో షిన్వా ఆన్ మెయిన్ అనే ఇంకో రెస్టారెంట్ తెరిచాడు. అక్కడ అందరూ చెప్పుకునేది షాంఘై లాబ్‌స్టర్, అదీ కర్రీ సాస్‌లో, పక్కన కరకరలాడేలా వేయించిన పాలకూరతో! షాంఘైకీ కర్రీకీ ఏం చుట్టరికమో ఆయనకే తెలియాలి. క్యాట్‌ఫిష్ అయితే ముక్కలు కొట్టకుండా చేపను చేపలాగే అల్లం పెట్టి నూనెలో వేయించి, పోంజు సాస్‌తో ఇస్తారు. పోంజు అంటే పుల్లగా ఉండే జపాన్ సాస్. ఇన్ని దేశాలు ఒకే టేబుల్ మీదికొచ్చినా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ఇది మా అమ్మమ్మ వంట అని అక్కడ ఎవరూ చెప్పుకోలేదు.

బ్రిటన్ చెఫ్ గోర్డన్ రామ్సే దగ్గరే లెక్క తేడా కొట్టింది. 2019లో లండన్ మేఫేర్‌లో లక్కీ క్యాట్ తెరిచే ముందు అది 'అథెంటిక్' ఆసియా భోజనశాల అని ప్రచారం చేశారు. తీరా ప్రివ్యూకి వెళ్లిన ఒక జర్నలిస్టు, ఆ గది మొత్తమ్మీద తూర్పు ఆసియా మూలాలున్న మనిషిని నేనొక్కదాన్నే అని రాసింది. అంతకుముందు ఏడాది అమెరికాలో టీవీ చెఫ్ ఆండ్రూ జిమ్మర్న్ ఇంకో అడుగు ముందుకేశాడు. మినియాపోలిస్ శివార్లలో లక్కీ క్రికెట్ అనే చైనీస్ రెస్టారెంట్ పెడుతూ, ఆ ప్రాంతంలో ఉన్న చైనీస్ హోటళ్లను తీసిపారేసినట్టు మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. దశాబ్దాలుగా పొయ్యి దగ్గర చెమటోడ్చి అక్కడి జనానికి ఆ రుచులు అలవాటు చేసిన కుటుంబాలను పట్టుకుని, టీవీలో పేరొచ్చిన మనిషి అనాల్సిన మాటలా అవి?

మనకూ ఇందులో వాటా ఉంది. కలకత్తాలో పుట్టిన చైనా మూలాల చెఫ్ నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తరుగు వేయించి, గరం మసాలాకి బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబెట్టాడు. అదే చికెన్ మంచూరియన్. చైనాలోని మంచూరియాకి దాంతో సంబంధమే లేదు. కానీ మన ఊళ్లలో సాయంత్రమైతే ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర గోబీ మంచూరియా లేకుండా ఉంటుందా? పక్ చేసిందీ వాంగ్ చేసిందీ ఒకటే పని. ఒకదాన్ని ఫ్యూజన్ అంటాం, రెండోదాన్ని డూప్లికేట్ చైనీస్ అని నవ్వుతాం, అదీ సాస్ గిన్నె చివరిదాకా ఊడ్చి తిన్నాక.

సెలబ్రిటీ హోటల్‌కి వెళ్లొద్దని కాదు. బోర్డు మీద ఎవరి పేరున్నా, ఆ రాత్రి మీ చేప వేయించేది దాదాపుగా ఇంకెవరో. బిల్లులో కొంత ఆ పేరుకి కడుతున్నామని తెలిసే వెళ్లండి. నలుగురు కలిసి వెళ్లి పంచుకుంటే ఇంకా నయం, లాబ్‌స్టర్ రేటు చూసి ఒక్కళ్లే కంగారు పడక్కర్లేదు.