ఫ్రీ శాంపిల్, విరిగిన పాలు

విశాఖలో కాఫీ షాపు కౌంటర్ మీద “కొత్త డ్రింక్. రుచి చూసి చెప్పండి. ఉచితం” అని చిన్న బోర్డు పెడితే చాలు, అందరి కళ్లూ ముందు చివరి మాట మీదే పడతాయి. బీచ్ రోడ్డులో వాకింగ్ ముగించుకుని సిరిపురం వైపు ఎక్కొచ్చిన రిటైర్డ్ పెద్దమనుషులు, కాపుచినో రేటు చూసి ఏనాడూ గడప తొక్కనివాళ్లు కూడా, ఆ పూట తలుపు తోసుకుని లోపలికొస్తారు. ఏసీ బాగుందని కూర్చుంటారు. కప్పు చేతికొచ్చాక అడిగేది ఒకటే: “ఏటి బాబూ ఇది?”

ఇది అనకాపల్లి బెల్లం వేసిన ఎస్ప్రెస్సో, అంటే మిషన్ ఒత్తిడితో దించే చిక్కటి కాఫీ. కాఫీ చైన్లు కొత్త డ్రింకును ఒక్కసారే అన్ని బ్రాంచీల్లోకీ వదలవు. ముందు కొన్ని చోట్ల ట్రయల్ వేసి, జనం మొహాలు చూసి, ఆ తర్వాతే మెనూలో ఎక్కిస్తాయి. రెసిపీ కార్డు ఎక్కడో హెడ్డాఫీసులో పుట్టి, లామినేషన్ చేయించుకుని బయల్దేరుతుంది. కార్డు రాసినవాళ్లకు ఎస్ప్రెస్సో గురించి తెలియంది లేదు. బెల్లంతోనే బొత్తిగా పరిచయం లేదు.

కార్డులో ఉన్నది ఇంతే. పొడి 18 గ్రాములు, దిగాల్సిన షాట్, అంటే ఒక విడత కాఫీ, 36 గ్రాములు, పట్టాల్సిన సమయం 25 నుంచి 30 సెకన్లు, నీళ్లు 93 డిగ్రీలు, ఒత్తిడి 9 బార్లు. బెల్లం సిరప్ 20 మిల్లీలీటర్లు, పాలు 150. సిరప్ పాలల్లోనే పోసి స్టీమ్ చేయాలి, అంటే ఆవిరి ఊది వేడెక్కించాలి. ఆ ఆఖరి వాక్యం ఒక్కటి పక్కన పెడితే వంక పెట్టడానికేమీ లేదు. ఫుల్ కప్పు చేసినప్పుడు అది కూడా చాలాసార్లు గట్టెక్కిపోతుంది. గొడవంతా శాంపిల్ కప్పుతోనే.

శాంపిల్ కప్పులో పట్టేది 90 మిల్లీలీటర్లు. మిషన్‌కి పావు షాట్ తీయడం రాదు. పోర్టాఫిల్టర్‌లో, అంటే పొడి నింపే పిడి గిన్నెలో, 18 గ్రాములు నొక్కితే వచ్చేది 36 గ్రాముల షాటే. అది కప్పులో పడి, సిరప్ కూడా పడ్డాక, పాలకు మిగిలే చోటు ముప్పై మిల్లీలీటర్ల చిల్లర. పులుపును కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పాల పీహెచ్ 6.6, 6.7 దగ్గర ఉంటుంది. కాఫీది 5 అటూ ఇటూ. నూటయాభై మిల్లీలీటర్ల పాలు ఒక షాట్ పులుపును కిక్కురుమనకుండా మింగేస్తాయి. ముప్పై మిల్లీలీటర్లు మింగలేవు. చల్లటి పాలల్లో కేసిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టాలంటే పీహెచ్ 4.6 దాకా దిగాలి గానీ, వేడి పెరిగేకొద్దీ అంత దూరం వెళ్లక్కర్లేదు, ముందే చేతులెత్తేస్తుంది. దానికి తోడు బెల్లంలోని ఖనిజాలు, కొద్దిపాటి పులుపు. ఇలా అందరూ కలిసి చేసిన పనికి శిక్ష మాత్రం కాఫీ కలిపే బరిస్టా కుర్రాడికి.

కుర్రాడి వంతు తప్పు కూడా కొంత ఉందనుకోండి. క్యూ పెరిగేసరికి జగ్గులో మిగిలిన పాలనే మళ్లీ స్టీమ్ వాండ్ అనే ఆవిరి గొట్టం కింద పెడతాడు. పాలు 60, 65 డిగ్రీల దగ్గర ఆపాలి. అక్కడే తియ్యగా ఉంటాయి, నురగ నిలబడుతుంది. ఒకసారి వేడెక్కి చల్లారుతున్న పాలను రెండోసారి ఎక్కిస్తే 70 దాటడం ఎంతసేపు? కాగిన పాల వాసన వస్తుంది, నురగ పెద్ద పెద్ద బుడగలై పగిలిపోతుంది. అందులో బెల్లం కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

పైగా సముద్రం పక్కన ఊరు. తలుపు తీసినప్పుడల్లా తేమ గాలి లోపలికొస్తుంది, గ్రైండర్ నుంచి పొడి ఉండలు ఉండలుగా పడుతుంది. ఉండలు విడగొట్టకుండా ట్యాంపర్‌తో నొక్కేస్తే, నీళ్లు పొడి మొత్తాన్నీ తడపవు. సందు దొరికినచోట దారి చేసుకుని దూకేస్తాయి. ముప్పై సెకన్లు పట్టాల్సిన షాట్ పదిహేడు సెకన్లకే కప్పులో ఉంటుంది. కాఫీలో ముందు దిగేది పులుపే, తీపీ చేదూ తర్వాత వస్తాయి. అంటే తొందరపడి దిగిన షాట్‌లో పులుపు తప్ప మిగతావి సగమే. సన్నటి సూదితో పొడిని కలియబెట్టి, సమంగా సర్ది, అప్పుడు నొక్కితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. పొద్దున్న సరిచేసిన గ్రైండర్‌ని మధ్యాహ్నం మళ్లీ చూసుకోవడం విశాఖలో చాదస్తం కాదు, అవసరం.

ఇంతకీ కప్పులో కనిపించేది ఏమిటంటే, అంచుల చుట్టూ సన్నటి తెల్ల పలుకులు, వాటి కింద పల్చటి గోధుమరంగు నీళ్లు. అంకుల్ గారు దాన్ని గౌరవంగానే చూశారు.

“ఫోమ్ అంటే ఇదేనేటి?”

పక్కనున్న ఆంటీ కప్పు తీసుకుని వెలుతురుకి వంచారు. “ఫోమూ లేదు, పామూ లేదు. విరిగిపోయిందండీ. బెల్లం ఎప్పుడేసేవు నాయనా?”

“స్టీమ్ చేసేటప్పుడే ఆంటీ. కార్డులో అలాగే ఉంది.”

“కార్డు రాసినాయన పరమాన్నం తిన్నాడు గానీ వండలేదు.”

అన్నం పాలల్లో ఉడికాక గిన్నె దించి, కాస్త చల్లారనిచ్చి, అప్పుడు బెల్లం పాకం పోస్తారు. ఆంటీకి పీహెచ్ తెలియకపోవచ్చు గానీ విరిగే క్షణం తెలుసు. అంకుల్ ఈలోగా ట్యాబ్‌లో అభిప్రాయం నొక్కడానికి అవస్థ పడుతున్నారు. “చాలా బాగుంది”, “బాగుంది”, “ఫర్వాలేదు” అని మూడే గడులున్నాయి. “విరిగింది” అనే గడి లేదు. ఉచితంగా తాగి “ఫర్వాలేదు” నొక్కితే ఏం మర్యాద అనుకుని, “బాగుంది” నొక్కేశారు. హెడ్డాఫీసుకు చేరే లెక్కలు ఇలా తయారవుతాయి.

రెండో రకం చల్లది. గ్లాసులో ఐసు, అడుగున 20 మిల్లీలీటర్ల బెల్లం సిరప్, దాని మీద 120 మిల్లీలీటర్ల సోడా, పైన షాట్. కింద ముదురు గోధుమ, మధ్యలో తెలుపు, పైన నలుపు. ఫొటోకి చాలా బాగుంటుంది, వేడి షాట్‌ని మిషన్ కిందనుంచి తీసి ఒక్కసారిగా కుమ్మరించనంతవరకు. కుమ్మరిస్తే నురగ గ్లాసు అంచు దాటి, ట్రే దాటి, నేరుగా ట్యాబ్ మీదకి నడుస్తుంది. సోడాలో కరిగి ఉన్న గ్యాస్ వేడి తగలగానే బయటపడాలని చూస్తుంది. క్రీమాలో, అంటే షాట్ మీద తేలే నురగలో, బోలెడు బుడగలు ముందే సిద్ధంగా ఉంటాయి, గ్యాస్ వాటిల్లోకి దూరి ఉబ్బుతుంది. కాఫీలోని పదార్థాలు ఆ బుడగల్ని పగలనివ్వవు. బ్లెండులో, అంటే గింజల మిశ్రమంలో, రోబస్టా రకం ఉంటే క్రీమా ఇంకా మందం, పొంగు ఇంకా జోరు. నిన్నగాక మొన్న వేయించిన గింజలైతే వాటి సొంత గ్యాస్ అదనం. గోలీ సోడా తాగి పెరిగిన అంకుల్‌కి ఇదేం కొత్త కాదు, గ్లాసు లటుక్కున నోటికి పెట్టుకున్నారు. బెంబేలెత్తింది ట్యాబ్‌కి పూచీ ఉన్న మేనేజరు.

దీనికి మందు కష్టమేమీ కాదు. షాట్‌ని ఒక నిమిషం పక్కన పెట్టాలి, లేదంటే రెండు ఐసు ముక్కల మీద పోసి చల్లార్చాలి. సోడాని గ్లాసు వంచి గోడ వెంట పోయాలి. పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, చెంచా వీపు మీదుగా షాట్‌ని మెల్లిగా జార్చాలి. పొంగదు.

కానీ చెంచా వీపుతో అంత ఒద్దికగా పోసిన గ్లాసు అందుకుని కస్టమర్ చేసే మొదటి పని, స్ట్రా పెట్టి గిరగిరా తిప్పడం. అడుగున బెల్లం కనిపిస్తుంటే తిప్పక ఏం చేస్తారు? తిప్పగానే రెండో పొంగు. అలా కాదని సిరప్‌ని ముందే షాట్‌లో కలిపేస్తే బరువెక్కిన షాట్ సోడాలోంచి కిందకి దిగిపోయి మూడు రంగులూ ఒకటే అవుతాయి. తిప్పే పని ఉండదు, ఫొటో మాత్రం పోతుంది. రుచి కావాలా ఫొటో కావాలా అని అడిగితే ట్రయల్ వేసేవాళ్లు ఏది కోరతారో వేరే చెప్పాలా!

సాయంత్రం ట్రయల్ ఇంకో రకం. బీచ్‌లో పచ్చిమిర్చి, నిమ్మరసం దట్టించిన మురీ మిక్స్చర్ తిని వచ్చిన నాలుకకి ఏ షాట్ ఇచ్చినా మండుతుంది. కప్పుకి ముందు ఒక గ్లాసు మంచినీళ్లు ఇస్తే చాలు. ఎవరూ ఇవ్వరు. “అరకు గింజలేనా?” అని మాత్రం ప్రతివాళ్లూ అడుగుతారు. అరకు అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చాక, ఈ ఊళ్లో ఆ ప్రశ్న దాటుకుని కాఫీ అమ్మడం కష్టం. కుర్రాడు “బ్లెండ్ అండీ” అంటాడు. అంకుల్ తల పంకిస్తారు. ఆ పంకించడంలో నమ్మకం ఉండదు.

చివరికి కుర్రాడే ఆంటీ మాట పట్టుకుని పద్ధతి మార్చాడు. బెల్లం, నీళ్లు సమానంగా తూచి మరిగించి, ఇసుకా పిప్పీ పోయేలా బట్టలో వడకట్టి, పూర్తిగా చల్లార్చాడు. పులుపు తిరిగిన పాతబెల్లం పక్కన పెట్టాడు. పులుపు విరగడానికి వంటసోడా చిటికెడు వేయొచ్చు గానీ చిటికె దాటితే సబ్బు రుచి వస్తుంది, అందుకని మానేశాడు. చల్లారిన సిరప్‌ని షాట్‌లో కలిపి, కొత్త పాలు విడిగా 60 డిగ్రీలకు స్టీమ్ చేసి దాని మీద పోశాడు. ఒక ఫుల్ డ్రింక్ రెండొందల మిల్లీలీటర్లు వస్తుంది. దాన్నే నాలుగు శాంపిల్ కప్పుల్లో యాభై చొప్పున పంచాడు. ఒక్కటీ విరగలేదు. ఆంటీ రెండో కప్పు కూడా తీసుకున్నారు.

ఇదంతా వివరంగా రాసి పై ఆఫీసుకి పంపితే, అక్కడివాళ్లు “పాలు విరిగాయి” అన్న ముక్క వరకు చదివి, పాలే మార్చేశారు. తర్వాత వచ్చిన లోడులో ఓట్ పాల డబ్బాలున్నాయి. కాఫీ కోసమని బరిస్టా పేరుతో అమ్మే ఓట్ పాలల్లో పులుపును అదుపు చేయడానికి డైపొటాషియం ఫాస్ఫేట్ లాంటివి కలుపుతారు. అవి లేని మామూలు ఓట్ పాలు పుల్లటి షాట్ తగిలితే అసలు పాలకన్నా ముందే తెట్టె కడతాయి. వచ్చినవి మామూలు డబ్బాలు.