వేరు కుంపటికి గోడలో కిటికీ

లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) నెట్‌వర్క్ ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, కదపడంలో నెమ్మది అన్న అభియోగం ఎప్పుడో రుజువైపోయినట్టు లెక్క, ఇక విచారణ అక్కర్లేదు. వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ కూర్చోబెట్టి ఊరూ పేరూ అడిగి పంపే ఆ పెద్దమనిషితో వేగలేకే కదా మనం యూజర్‌స్పేస్‌లో, అంటే కెర్నల్‌కు బయట మామూలు ప్రోగ్రాములుండే చోట, వేరు కుంపటి పెట్టుకుంది. ఆ కుంపటి పేరు వీపీపీ (వెక్టర్ ప్యాకెట్ ప్రాసెసింగ్), ఒక సాఫ్ట్‌వేర్ రూటరు. సిస్కోలో పుట్టి, 2016లో ఎఫ్‌డీ డాట్ ఐఓ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పేరిట అందరికీ తెరుచుకుంది. ఒక్కో విడతకు 256 ప్యాకెట్ల దాకా గంపగుత్తగా తోలేస్తుంది.

వేరు కాపురమన్నాక ఖర్చులుంటాయి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాగానే 2 ఎంబీ హ్యూజ్‌పేజీలు (మెమరీలో పెద్ద ముక్కలు) 1024, అంటే ఒక్క ప్యాకెట్టు కూడా గడప తొక్కకముందే 2 జీబీ మెమరీ, పక్కకు పోతుంది. డీపీడీకే (కెర్నల్‌ను దాటి నెట్‌వర్క్ కార్డును నేరుగా నడిపే లైబ్రరీ) కార్డు తగిలించాక ఒక కోర్, ప్యాకెట్టు వచ్చిందా అని చూస్తూ, పనున్నా లేకపోయినా 100 శాతం తిరుగుతూనే ఉంటుంది. దీన్ని వృథా అనడం సంస్కారం కాదు, పోలింగ్ అనాలి.

కార్డు అప్పగింత దగ్గర వీపీపీ చూపించే మర్యాద మాత్రం మెచ్చుకోదగ్గది. లినక్స్‌లో ఆ కార్డు ఇంటర్‌ఫేస్ అప్‌లో (పనిలో) ఉంటే, మామూలుగా దాని జోలికి పోదు, లాగ్‌లో ఒక ముక్క రాసి ఊరుకుంటుంది. ఆ ముక్క చదివిన నిపుణుడు వెంటనే ఇంటర్‌ఫేస్‌ను డౌన్ చేస్తాడు. ఏ ఇంటర్‌ఫేస్ మీదుగా ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయ్యి) ఉన్నాడో, సరిగ్గా దాన్నే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడంలో ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఇంకా రాలేదు. మేనేజ్‌మెంట్‌కు వేరే కార్డు ఉంచుకోండి, స్టార్టప్ ఫైల్‌లోని డీపీడీకే విభాగంలో అప్పగించే కార్డు పీసీఐ అడ్రస్ (మెషీన్‌లో దాని స్థానం) మాత్రమే రాయండి అని డాక్యుమెంటేషన్ చెబుతుంది. డాక్యుమెంటేషన్ చదవడానికి నెట్ ఉండాలి, అది ఇప్పుడే పోయింది.

సరే, విడిపోయారు. ఇంటర్‌ఫేస్‌ల జాబితా చూపే ఐపీ లింక్ ఆజ్ఞ కొడితే ఆ కార్డు పేరే కనిపించదు. లక్షల ప్యాకెట్లకు దారి చూపుతున్న ఈ రూటరు, తాను నివసించే మెషీన్‌కు మాత్రం డీఎన్ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చే సేవ) అందించలేదు, గడియారం సరిచేసుకోవడానికి ఎన్‌టీపీ దాకా పోనివ్వదు. అప్పుడు గుర్తొస్తాడు కెర్నల్. గోడ కట్టిన చేతులతోనే గోడకు కిటికీ పెట్టాలి.

కిటికీలు రెండు రకాలు. ఒకటి వీఈత్ జంట, అంటే రెండు కొసలున్న కృత్రిమ నెట్‌వర్క్ తీగ. ఒక కొసను ‘హోస్ట్ ఇంటర్‌ఫేస్’గా వీపీపీకి ఇస్తారు, రెండోది కెర్నల్ దగ్గరే ఉంటుంది. కెర్నల్ కొసకు 10.10.1.1/24, వీపీపీ లోపల 10.10.1.2/24. రెండు వైపులా అప్ చేయాలి. వీపీపీలో పుట్టే ప్రతి ఇంటర్‌ఫేసూ డౌన్‌లోనే కళ్ళు తెరుస్తుంది, లేపమని ఎవరూ గుర్తు చేయరు. అతి తెలివి గలవారు వీపీపీకిచ్చిన కొసకు కూడా లినక్స్‌లోంచే ఐపీ పెడతారు. వీపీపీకి చేరేది ప్యాకెట్టు నకలు మాత్రమే, అసలు కెర్నల్ దగ్గరే ఉంటుంది. కాబట్టి ఒకే చిరునామాకు వచ్చిన ఏఆర్‌పీకి (ఈ ఐపీ ఎవరిదన్న ప్రశ్నకు) ఇద్దరూ జవాబిస్తారు. ఉమ్మడి కుటుంబం మళ్ళీ కలిసిందని సంతోషించవచ్చు.

వీఈత్ అసలు మహిమ ఆ తర్వాత తెలుస్తుంది. పింగ్ పోతుంది, వస్తుంది, ఒక్కటీ తప్పదు. ఎస్ఎస్‌హెచ్ మాత్రం వేలాడుతుంది. రిఫ్యూజ్డ్ అని కూడా అనదు, టైమౌట్ దాకా మౌనమే. ఈ దశలో సంప్రదాయం ప్రకారం ముందు ఫైర్‌వాల్‌ను తిట్టాలి, తర్వాత రూటింగ్ టేబుల్‌ను. అసలు సంగతేమిటంటే, టీసీపీ, యూడీపీ చెక్‌సమ్‌ను (డేటా చెడిందో లేదో తేల్చే లెక్కను) చివర్లో కార్డు పూర్తి చేస్తుందిలే అని కెర్నల్ సగంలో వదిలేస్తుంది. వీఈత్ వెనక కార్డు లేదు. ఆ సంగతి పట్టించుకోని వీపీపీ వెర్షన్ అయితే సగం చెక్‌సమ్‌తోనే ప్యాకెట్టును బయటికి పంపుతుంది, అవతలి మెషీన్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. పింగ్ చెక్‌సమ్ అప్పటికే సాఫ్ట్‌వేర్‌లో లెక్కకట్టి ఉంటుంది కనుక దానికి ఏ దోషమూ అంటదు. అవతల నెట్‌వర్క్ లెక్కలు చూపే ఎన్‌స్టాట్‌లో టీసీపీ చెక్‌సమ్ తప్పుల లెక్క పెరుగుతోందేమో చూడండి. మందు ఒక్క వరుస: ఈత్‌టూల్ ఆజ్ఞతో కెర్నల్ కొసకు టీఎక్స్ ఆఫ్‌లోడ్ (చెక్‌సమ్ పనిని కార్డుకు వదిలేయడం) ఆఫ్ చేయడం. పింగ్ వస్తోంది కాబట్టి నెట్‌వర్క్ బాగుందని మీటింగులో చెప్పేసినవారికి మాత్రం మందు లేదు.

రెండో కిటికీ ట్యాప్, అంటే ప్రోగ్రాముకూ కెర్నల్‌కూ మధ్య ఉండే కృత్రిమ కార్డు. ఇదే మేలు. కెర్నల్‌లో వీహోస్ట్-నెట్ మాడ్యూల్ ఉంటే చాలు, ఒకే ఆజ్ఞలో హోస్ట్ వైపు పేరు, ఐపీ, గేట్‌వే అన్నీ ఇచ్చేయవచ్చు. పైగా వీఈత్ కన్నా వేగం. వీపీపీ పడిపోతే ట్యాప్ కూడా సహగమనం చేస్తుందన్నది వేరే సంగతి. చేతితో కొట్టిన ఆజ్ఞలూ దాంతోపాటే పోతాయి. వాటిని ఒక ఫైల్‌లో పెట్టి, స్టార్టప్ ఫైల్‌లోని యూనిక్స్ విభాగంలో ఎగ్జెక్ అని దాని దారి రాస్తే మళ్ళీ లేస్తాయి. ఈ పని సాధారణంగా రెండో రీబూట్ తర్వాత జరుగుతుంది.

కిటికీ తెరిచినా గాలి రాకపోతే తిరుగుదారి చూడాలి. 10.10.1.1 నుంచి ప్యాకెట్టు దర్జాగా బయటికి వెళ్ళింది, జవాబు తేవాల్సిన పై రూటరుకు 10.10.1.0/24 అంటే ఎవరో తెలియదు. అక్కడ చేత్తో రాసిన ఒక స్టాటిక్ రూటైనా పడాలి, ఇక్కడ నాట్44 (చిరునామా మార్చి పంపడం) అయినా పెట్టాలి. వీపీపీలో ప్యాకెట్టు అడుగుజాడలు చూపే ట్రేస్‌ను వర్చియో-ఇన్‌పుట్ (ట్యాప్ నుంచి వచ్చే ద్వారం), డీపీడీకే-ఇన్‌పుట్ (కార్డు నుంచి వచ్చే ద్వారం) రెండింటి మీదా పది ప్యాకెట్లకు పెట్టి చూస్తే, పోయినవే తప్ప వచ్చినవి ఉండవు. సమస్య మన ఇంట్లో కాదని రుజువవుతుంది. అంతకు మించిన ఆనందం ఈ వృత్తిలో లేదు.

రాజీ పూర్తిగా కుదరాలంటే లినక్స్-సీపీ ప్లగిన్. వీపీపీలోని ఒక్కో కార్డుకూ లినక్స్‌లో జతగా ఒక ట్యాప్ వెలుస్తుంది. కార్డు పేరు మళ్ళీ ఐపీ లింక్‌లో కనిపిస్తుంది. తోడుగా లినక్స్-ఎన్ఎల్ ప్లగిన్ ఉంటే, బర్డ్, ఎఫ్ఆర్ఆర్ వంటి రూటింగ్ ప్రోగ్రాములు కెర్నల్‌లో పెట్టిన రూట్లు నెట్‌లింక్ (కెర్నల్ కబుర్లు చేరవేసే దారి) మీదుగా వీపీపీకి దిగుతాయి. విడిపోయింది ఎవరో, కలిసింది ఎవరో వాటికి తెలియనే తెలియదు. ఇంత కష్టపడి నిలబెట్టాక పైఅధికారి వచ్చి, రోజంతా ఎంత ట్రాఫిక్ పోతోందో చూద్దామని ఆ ట్యాప్ మీద టీసీపీడంప్ (ప్యాకెట్లను చూపే సాధనం) పెడతాడు. దాటిపోయే ట్రాఫిక్ అంతా వీపీపీలోనే తిరిగి వెళ్ళిపోతుంది, ట్యాప్‌కు రాదు. తెర మీద నాలుగు ఏఆర్‌పీలు, ఒక బీజీపీ కీపలైవ్ (రూటర్లు బతికే ఉన్నామని చెప్పుకునే కబురు). ఈ మాత్రానికి కెర్నల్ సరిపోయేది కదా అంటాడు.