సవరణ: బ్యాక్ ప్రెషర్ గురించి నేను రాసింది తప్పు

యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ సైలెన్సర్ మీద రాసిన పోస్టులో "ఇంజిన్‌కి కాస్త బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అన్నాను. బ్యాక్ ప్రెషర్ అంటే పొగ బయటికి పోతుంటే పైపులో తగిలే అడ్డు. పైపు మారిస్తే పికప్ పోవచ్చన్నది నిజమే. కారణమే తప్పు చెప్పాను. పొగకు అడ్డు తగిలితే ఏ ఇంజిన్‌కీ మేలు లేదు.

ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ నుంచి పొగ బయటికి పోయే రంధ్రం) తెరుచుకోగానే ఒక ప్రెషర్ అల పైపులోకి దూసుకుపోతుంది. పైపు గరాటాలా వెడల్పయ్యే చోట అందులో కొంత, పీల్చే అలగా వెనక్కొచ్చి సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది. దాంతోపాటు కాస్త కొత్త పెట్రోలు మిశ్రమం కూడా బయటికి జారుతుంది. పైపు మళ్లీ సన్నబడే చోట తగిలి తిరిగొచ్చిన అల, పోర్టు మూసుకునేలోపే ఆ మిశ్రమాన్ని లోపలికి నెట్టేస్తుంది. ఈ టైమింగ్ కుదిరేది కొంత ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పరిధిలోనే. పైపు కోస్తే తప్పిపోయేది అదే.

1950లలో తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే బైకుల కంపెనీ రేసు బళ్లకు ఈ పైపును పదును పెట్టింది వాల్టర్ కాడెన్. 1961లో వాళ్ల రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే సుజుకీకి 50 సీసీ ప్రపంచ టైటిల్! గుట్టు ఎక్కణ్ణుంచి వెళ్లిందో వేరే చెప్పాలా?

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో మరీ లావు బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే పైపు) వేస్తే తక్కువ ఆర్‌పీఎంలో పొగ వేగం తగ్గి లాగుడు పడిపోతుంది. దాన్నే నేను బ్యాక్ ప్రెషర్ ఖాతాలో రాశాను.

నా మాట నమ్మి పైపు మార్చిన తమ్ముళ్లూ, ఒకసారి స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. తెల్లగా ఉంటే మిశ్రమం లీన్ అయి (గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై) ఉండొచ్చు. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేయకముందే, కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ సరిచూపించుకోండి.