55 శాతం మార్కులు లేని ఉద్యమం

ఆడవాళ్ల ఉద్యమాల్లో ప్రమాణాలు పడిపోతున్నాయని నేను చాలాకాలంగా మొత్తుకుంటున్నాను. వినే నాథుడు లేడు. కాలేజీలో పాఠం చెప్పాలంటే పీజీలో 55 శాతం మార్కులుండాలి, ఆపైన నెట్టో సెట్టో అనే అర్హత పరీక్ష గట్టెక్కాలి. అదే ఊరిని మార్చాలంటే? టీసీ అడిగే దిక్కు కూడా లేదు.

ఈ జాడ్యం నిన్న మొన్నటిది కాదు. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టిన భండారు అచ్చమాంబగారు బడికి వెళ్లి చదువుకున్న మనిషి కాదు. తమ్ముడి సాయంతో ఇంట్లోనే చదువు నేర్చుకుని, కథలు రాసి, స్త్రీల చరిత్రలు తవ్వి తీశారు. ఫుట్‌నోట్ల సంగతి నేను అడగను. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడుకోవాలి.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి అలా వదిలేయలేం. 1990ల మొదట్లో అక్షరాస్యత కార్యక్రమం కింద అక్కడ రాత్రి బడి నడిచింది. సర్కారు ఉద్దేశం మంచిదే: ఆడవాళ్లు వేలిముద్ర మానేసి సంతకం పెట్టాలి. అయితే వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఒకటి పెట్టారు, మొగుడి సారా వల్ల ఆవిడ పడ్డ అగచాట్లతో. మా డిగ్రీ కుర్రాడికి ఇలాంటి పాఠం ఇస్తే ఏం చేస్తాడు? గైడు కొంటాడు, పరీక్ష రాస్తాడు, మర్చిపోతాడు. వీళ్లకి ఆ పద్ధతి తెలియదు పాపం. పాఠం చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టి, సారా కొట్టు మూయించడానికి బయల్దేరారు. వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది. అది ఊరూరికీ అంటుకుంది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు జరపలేక అధికారులు వాయిదా మీద వాయిదా వేశారు. ఖజానాకి వందల కోట్లు తెచ్చే సారాని 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా నిషేధించాల్సి వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది. రెండేళ్లకే దాన్ని ఎత్తేసినవాళ్లలో మాత్రం పట్టభద్రులకి కొదవ లేదు.

ఈ ఉద్యమం మీద నేనూ ఒక పేపరు చదివాను, ఏసీ హాల్లో. ఆ రాత్రి విందులో ఏం పోశారన్నది ఇక్కడ అప్రస్తుతం.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత ఆడవాళ్లది మరీ దారుణం. కొర్రలు, జొన్నల విత్తనాలు దాచుకుని ఊరుకోవచ్చు కదా. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే మహిళా సంఘాల్లో చేరి కెమెరా పట్టారు. వరంగల్‌లో బీటీ పత్తి రైతుల వెంట సీజన్ల తరబడి తిరిగి సినిమాలు తీశారు. 2008లో మాచ్‌నూర్‌లో సొంతంగా రేడియో మొదలెట్టారు. పోనీ, తీసినవాళ్లు కెమెరా షాట్లకి పుస్తకంలో ఉన్న పేర్లయినా వాడారా? పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాటట, పటేలు అలాగే చూస్తాడు గనక. కింద నుంచి తలెత్తి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమానంగా పెడితే సంఘం షాట్, సంఘంలో అందరూ సమానం గనక. అధికార సంబంధాల గురించి మేం మూడు సెమిస్టర్లు లాగే పాఠం ఇది. దాన్ని కెమెరా ఎత్తు సర్దుతూ తేల్చేస్తే మా యూజీసీ స్కేలు ఏం కావాలి?

అర్హతల సంగతి స్వయంగా విచారించాలని ఆ వైపు ఒక ఊరికి వెళ్లాను. ప్రశ్నావళి తీసేలోపే నన్నే ఇంటర్వ్యూ చేస్తామన్నారు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాను, అది నా హోదాకి తగినదే. చాప మీద కూర్చున్న కెమెరా అమ్మ ఓసారి అందులోంచి చూసి తల అడ్డంగా ఊపింది.

"కుర్చీల కూసుంటే బానిస షాటైతది సారూ. జర కింద కూసోండ్రి."

కూర్చున్నాను. ప్యాంటు నలిగింది. టీఏ బిల్లులో ఇస్త్రీకి ఇరవై రూపాయలు రాస్తే ఆడిట్‌వాళ్లు వెనక్కి పంపారు: కుర్చీ ఉండగా కింద ఎందుకు కూర్చున్నారో సంజాయిషీ ఇవ్వాలట. రాస్తూనే ఉన్నాను. ఇప్పటికి ఇరవై ఏడు పేజీలయింది, ఫుట్‌నోట్లు కాకుండా.