పాత పాలసీ కాగితాలు పారేయకండి

అమెరికాలో డ్రై క్లీనింగ్ షాపు కింద నేల రసాయనాలతో పాడైతే, దాన్ని శుభ్రం చేసే ఖర్చంతా ఇప్పటి ఓనరే జేబులోంచి పెట్టుకోవాలన్నట్టు ఒకరు రాశారు. సగమే నిజం. కలుషిత స్థలాల శుభ్రత కోసం తెచ్చిన 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం ప్రకారం తప్పు ఎవరిదైనా స్థలం యజమాని మెడకు చుట్టుకోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ పాత లయబిలిటీ పాలసీల (వ్యాపారం వల్ల ఇతరులకు కలిగే నష్టానికి తీసుకునే బీమా) సంగతి వదిలేశారు. ఆ ఖర్చు వాటి నుంచి రావచ్చు.

1986కు ముందు వ్యాపారాలకిచ్చిన పాలసీలు చాలావరకు 'అకరెన్స్' పద్ధతివి. నష్టం ఆ పాలసీ నడిచిన ఏళ్లలో జరిగిందా అన్నదే లెక్క, క్లెయిమ్ నలభై ఏళ్ల తర్వాత వేసినా సరే. ఆ తర్వాత కాలుష్యానికి పూర్తి మినహాయింపు పెట్టేశారు, కాబట్టి కొత్త పాలసీతో సాధారణంగా పని జరగదు. అయితే ఇండియానా సుప్రీంకోర్టు 1996లో ఒక పెట్రోల్ బంకు కేసులో ఆ మినహాయింపు మాటలే అస్పష్టంగా ఉన్నాయని తేల్చింది. రాష్ట్రానికో తీర్పు, అదే తలనొప్పి.

మా స్నేహితుడు కొన్న చిన్న కాంప్లెక్స్‌లో ఇదే గొడవ. మట్టిలో పెర్క్ (డ్రై క్లీనింగ్‌లో వాడే రసాయనం) బయటపడింది. పాత పాలసీ ఎక్కడా దొరకలేదు. చివరికి మొదటి ఓనర్ గ్యారేజీలో, చెదలు పట్టిన అట్టపెట్టెలో 1978 చెక్కు కౌంటర్‌ఫాయిల్ కనిపించింది. ప్రీమియం మొత్తం పక్కనే పెన్సిల్‌తో పాలసీ నంబర్! ఇలా వెతికిపెట్టడమే వృత్తిగా ఉన్నవాళ్లు అక్కడున్నారు, 'ఇన్సూరెన్స్ ఆర్కియాలజిస్టులు' అంటారు.

ఒక్క జాగ్రత్త. పాడైన మట్టి తవ్వకం మొదలుపెట్టకముందే బీమా కంపెనీకి నోటీసు ఇవ్వాలి. లేకపోతే మమ్మల్ని అడక్కుండా ఖర్చు పెట్టారంటూ పేచీ పెడతారు. మావాడికి ఆ టెన్షన్ కూడా తప్పలేదు.